అచ్చయ్యాక ఆ బొమ్మ ఎవరిది?

తెత్సుకో కురొయనాగి రాసిన 'టోటోచాన్' జపాన్‌లో 1981లో పుస్తకంగా వచ్చింది. తెలుగులో 'రైలుబడి' పేరుతో దాన్ని చదివి, పాత రైలుపెట్టెల్లో నడిచే ఆ బడిని మనసులో పెట్టుకున్న టీచర్లూ తల్లిదండ్రులూ మన దగ్గర చాలామంది ఉన్నారు. జపనీస్ పుస్తకం అట్ట మీదా లోపలా కనిపించే పిల్లల్ని చూస్తే, ఆ చిత్రకారిణి కథంతా చదివి, టోటోచాన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసినట్టే ఉంటుంది. నిజానికి ఆ బొమ్మలు వేసిన చిహిరో ఇవసాకి 1974 ఆగస్టులోనే కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఆ కథ రాయడం మొదలే కాలేదు.

ఆమె పోయిన మూడేళ్లకు, 1977లో, టోక్యోలో ఆమె కుటుంబం ఉండే చోటే ఒక చిన్న మ్యూజియం తెరిచారు. పిల్లల పుస్తకాల బొమ్మల కోసమే పెట్టిన మ్యూజియాల్లో ప్రపంచంలో అదే మొదటిదంటారు. కురొయనాగి తన బడి జ్ఞాపకాలు పత్రికలో రాస్తున్నప్పుడు అక్కడ దాచిన వేల బొమ్మల్లోంచి, చిహిరో కుటుంబం సాయంతో, తన కథకు సరిపోయేవి ఏరుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ పాప, టోపీ కింద నుంచి చూసే పాప, ఏదో అడగబోయి ఆగిన పాప. ఎప్పుడో వేరే పుస్తకం కోసమో, నెలపత్రిక అట్ట కోసమో వేసిన పిల్లలు ఇంకో పుస్తకంలోకి నడిచి వచ్చారు.

ఆ వేల బొమ్మలు ఒకచోట దొరకడం అదృష్టం కాదు. అచ్చు పని అయిపోయాక నా బొమ్మ నాకు తిరిగివ్వండి అని చిహిరో ప్రచురణకర్తల్ని అడిగారు. అడగడం ఆనవాయితీ కాని రోజుల్లో అడిగారు, మళ్లీ మళ్లీ అడిగారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ల గురించి రాసినప్పుడల్లా మనం ఊహ గురించీ రంగుల గురించీ రాస్తాం. అచ్చయ్యాక ఆ కాగితం ఎవరి బీరువాలోకి వెళ్లిందని అడగం. ఒక చిత్రకారిణి జీవితం నుంచి తెలుగువాళ్లం నేర్చుకోవలసింది అన్నిటికన్నా ముందు అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చిహిరో 1918 డిసెంబరులో ఫుకుయి ప్రాంతంలోని తకెఫులో పుట్టి టోక్యోలో పెరిగారు. పద్నాలుగేళ్లకే పేరున్న గురువు దగ్గర డ్రాయింగ్, తైలవర్ణాలు నేర్చుకున్నారు. తర్వాత కుంచెతో అక్షరాలు రాసే జపనీస్ లిపికళ కూడా సాధన చేశారు. ఇంట్లోవాళ్లు కుదిర్చిన ఇష్టంలేని పెళ్లి, ఆ భర్త ఆత్మహత్య, యుద్ధం, 1945 బాంబుదాడుల్లో కాలిపోయిన ఇల్లు. ముప్ఫై ఏళ్లు నిండకముందే ఇవన్నీ చూశారు. 1946లో ఇంట్లోవాళ్లని వదిలి ఒంటరిగా టోక్యో చేరి, ఒక వామపక్ష పత్రికలో వార్తలు రాస్తూ బొమ్మలు వేస్తూ పొట్టపోసుకున్నారు. హిరోషిమా చిత్రాలు గీసిన తోషి మరుకి దగ్గర గీత దిద్దుకున్నది ఆ రోజుల్లోనే.

ఆమెకు దారి చూపించింది పుస్తకం కాదు, కమిషిబాయి. వీధి మూలన సైకిలు ఆపి, చెక్కచట్రంలో ఒక్కో బొమ్మా మారుస్తూ కథ చెప్పే పద్ధతి అది. ఆండర్సన్ రాసిన ఒక తల్లి కథకు చిహిరో వేసిన కమిషిబాయి బొమ్మలకు 1950లో విద్యామంత్రి పేరిట బహుమతి వచ్చింది. ఇక బొమ్మలే బతుకుతెరువని ఆమె నిర్ణయించుకున్నారు. అదే ఏడాది జెన్‌మెయి మత్సుమొతోని పెళ్లి చేసుకున్నారు. ఆయన న్యాయవాది పరీక్షకు చదువుతుంటే ఇల్లు గడిచింది ఆమె బొమ్మల మీదే. 1951లో కొడుకు పుట్టాడు. చేతిలో డబ్బు లేదు, బొమ్మలు వేసుకోవడానికి చోటు లేదు. పసివాణ్ని కొంతకాలం నగానోలో ఉన్న తన అమ్మానాన్నల దగ్గర వదిలి, వీలైనప్పుడల్లా రైలెక్కి వెళ్లి చూసి వచ్చేవారు. పిల్లల బొమ్మలు వేసి బతికే తల్లి తన పిల్లవాడికి దూరంగా ఉండాల్సి రావడం గురించి చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. మరుసటేడు టోక్యో శివార్లలోని షిమొషకుజీలో చిన్న ఇల్లు కట్టుకున్నాకే ముగ్గురూ ఒకచోట చేరారు.

అప్పట్లో ఆమె అన్ని రకాల పనీ ఒప్పుకున్నారు. పాఠ్యపుస్తకాలు, నెలపత్రికలు, పోస్టర్లు, హిగెటా సోయాసాస్ కంపెనీ ప్రకటనలు. చిత్రకారులు ప్రకటనల పనిని కొంచెం తక్కువగా చూస్తారు. ఆమె ఆ పనిలో కూడా పిల్లల్నే గీశారు, చేయి సాధన చేసుకున్నారు. ఈలోగా 1956లో ఫుకుయిన్‌కన్ అనే ప్రచురణ సంస్థ 'కొదొమొ నో తొమొ' అని నెలకొక బొమ్మల పుస్తకం తేవడం మొదలుపెట్టింది. నెలకొక కథ, ఆ కథకు ఒకే చిత్రకారుడు, కిండర్‌గార్టెన్ల ద్వారా నేరుగా పిల్లల చేతికి. చిహిరో మొదటి బొమ్మల పుస్తకం ఆ వరసలోనే వచ్చింది. యాభై ఏళ్ల వయసులో 1961లో అదే వరసలో తొలి పుస్తకం వేసిన సుఎకిచి అకబా, 1980లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ బహుమతి అందుకున్న తొలి జపనీస్ చిత్రకారుడయ్యారు. ప్రతిభ ఎక్కడైనా ఉంటుంది. నెలనెలా పని ఇచ్చే, బొమ్మకు పేజీ అంతా విడిచిపెట్టే ఒక ఏర్పాటు ఉంటే తప్ప అది నలభై ఏళ్ల వృత్తిగా నిలవదు.

చిహిరో బొమ్మ చూడగానే గుర్తుపట్టేస్తాం. కాగితాన్ని తడిపి, ఆ తడిలో రంగు వదిలి, అది తనంతట తాను పాకేదాకా ఆగుతారు. ఎర్రరంగు ఊదాలోకి జారుతుంది, ఊదా తెల్లకాగితంలోకి కరిగిపోతుంది. నీటిరంగులతో పనిచేసినవాళ్లకు తెలుసు, అక్కడ దిద్దుబాటు ఉండదు. చాలాచోట్ల ఆమె పాప ముఖాన్ని గీయరు. చుట్టూ రంగు వేసి ముఖాన్ని కాగితం తెలుపులోంచి బయటికి తెస్తారు. కళ్లు రెండు నల్లచుక్కలు. ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి వెనక ఎన్నో ఏళ్ల స్కెచ్చులున్నాయి. కొడుకు నిద్రపోతుంటే, అన్నం తింటుంటే, అలిగి కూర్చుంటే గీసిన కాగితాలు ఎన్నో. పది నెలల పాపకీ ఏడాది నిండిన పాపకీ మధ్య తేడాని ఎదురుగా ఎవరూ లేకుండానే గీయగలిగేవారని ఆమె గురించి చెబుతారు. ఆ రెండు నెలల్లో నిలబడటానికి ఊతం వెతికే చేయి మారుతుంది. మన పిల్లల పుస్తకాల్లో తరచుగా కనిపించే పిల్లలు ఎత్తు తగ్గించిన పెద్దవాళ్లు. మూడేళ్ల పాపకీ ఏడేళ్ల పాపకీ గౌను కొలతలో తప్ప తేడా ఉండదు. ఇది చేతకానితనం వల్ల వచ్చిన లోపం కాదు. పిల్లల్ని చూస్తూ కూర్చునేంత వ్యవధి మనం చిత్రకారుడికి ఇవ్వం, ఆ వ్యవధికి డబ్బూ ఇవ్వం.

ఆమె శైలి సులువుగా కుదరలేదు. మరీ ముద్దుగా, తియ్యగా ఉన్నాయని, కష్టజీవుల పిల్లలు ఇలా ఉండరని తోటి వామపక్ష కళాకారులే విమర్శించారు. ఆమె ఆ మాటల్ని పక్కకు నెట్టెయ్యలేదు, ఏళ్లపాటు వాటితో పెనుగులాడారు. 1963 నుంచి 'కొదొమొ నో షియవసె' అనే పత్రికకు అట్టబొమ్మలు వేసే పని దొరికింది. అంశం పిల్లలు, మిగతాదంతా చిత్రకారిణి ఇష్టం. ఆ స్వేచ్ఛే ఆమెను మార్చింది. తైలవర్ణాలు వదిలి పూర్తిగా నీటిరంగుల్లోకి వచ్చారు. చనిపోయేదాకా ఆ అట్టబొమ్మలు వేస్తూనే ఉన్నారు.

ఇంకో మలుపు 1968లో వచ్చింది. షికోషా సంస్థ సంపాదకుడు యసొఒ తకెయిచి, బొమ్మ మాత్రమే చెప్పగలిగిన పుస్తకం చేద్దామన్నారు. ముందు కథ, తర్వాత దానికి బొమ్మ అనే వరసని ఇద్దరూ తిరగేశారు. బొమ్మలు ముందు వచ్చాయి, మాటలు వాటి వెనక కొద్దికొద్దిగా వచ్చాయి. వానరోజు ఇంట్లో ఒంటరిగా ఉన్న పాప గురించిన పుస్తకం అది. అమ్మ ఇంకా రాలేదు. ఫోను మోగితే పాప కర్టెన్‌లో దాక్కుంటుంది. కథంటే అంతే. కానీ ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లల బెదురు ఆ తడిసిన బూడిదరంగులో ఉంది. అక్కణ్నుంచి ఇద్దరూ కలిసి ఇంచుమించు ఏడాదికొక పుస్తకం తెచ్చారు. వాటిలో ఒకటైన, పిట్ట గురించిన పుస్తకానికి 1973లో ఇటలీలోని బొలోన్యా పుస్తక ప్రదర్శనలో గ్రాఫిక్ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆమె పూర్తిచేసిన చివరి పుస్తకం వచ్చింది, యుద్ధజ్వాలల మధ్య పిల్లల గురించి. వియత్నాంలో బాంబులు పడుతున్న రోజులు, ఆమె ఆరోగ్యం దెబ్బతిన్న రోజులు. అందులో తుపాకులూ శవాలూ దాదాపు కనిపించవు. పిల్లల ముఖాలు కనిపిస్తాయి. టోక్యో కాలిపోవడం కళ్లారా చూసిన మనిషి వేసిన ముఖాలవి. తియ్యగా ఉన్నాయన్న విమర్శకు అంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

హక్కుల సంగతి ఈ పని మధ్యలోనే నడిచింది. యుద్ధం తర్వాతి జపాన్‌లో పిల్లల పుస్తకానికి బొమ్మ అంటే ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే సరుకు. కాగితం ప్రెస్సుకు వెళ్లేది, ప్లేటు తయారయ్యాక ఎక్కడో పడి ఉండేది, పోయేది. అదే బొమ్మను ఇంకో పుస్తకంలో వేసుకున్నా అడిగేవారు లేరు. చిహిరో రెండు విషయాలు పట్టుకున్నారు. కాగితం నాది, తిరిగి ఇవ్వాలి. మళ్లీ ఎక్కడ వేసినా నన్ను అడగాలి. ఆమె ఒక్కరే కాదు, పిల్లల పుస్తకాల చిత్రకారులు 1964లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డారు. ఒంటరిగా అడిగితే ఇంకొకరికి పని ఇస్తారన్న భయం అందరికీ ఉంటుంది, ఇక్కడా అక్కడా. అప్పటికే పేరు తెచ్చుకున్న మనిషి ముందు నిలబడి అడగడం వల్ల వెనకున్నవాళ్లకు ఊతం దొరికింది. పేరున్నవాళ్ల బాధ్యత అదేనని నాకనిపిస్తుంది.

ఫలితం చూడండి. ఈరోజు చిహిరో బొమ్మలు తొమ్మిది వేలకు పైగా ఆ మ్యూజియం దగ్గర ఉన్నాయి. 1997లో నగానో ప్రాంతంలోని అజుమినోలో, యుద్ధం తర్వాత ఆమె అమ్మానాన్నలు నేల దున్నుకుని బతికిన మత్సుకవ గ్రామంలో, రెండో మ్యూజియం వచ్చింది. అక్కడ చిహిరోవే కాదు, ఎన్నో దేశాల పిల్లల పుస్తకాల చిత్రకారుల బొమ్మలు సేకరించి చూపిస్తున్నారు. నీటిరంగు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి అసలు బొమ్మల్ని ఎక్కువకాలం గోడ మీద ఉంచరు, తక్కువ వెలుగులో కొద్దిరోజులే చూపిస్తారు. అచ్చు పుస్తకంలో కనపడని పెన్సిలు గీత, రంగు ఆరకముందు ఒత్తిన చేతి జాడ అక్కడ కనిపిస్తాయి. బొమ్మలు నేర్చుకునే పిల్లవాడికి పది పాఠాలకన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ.

ఇక మన సంగతి. తెలుగు పిల్లలకు బొమ్మల రుచి చూపించింది 1947లో మద్రాసులో మొదలైన చందమామ. చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్. భుజాన శవంతో, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ని తలుచుకుంటే రెండు మూడు తరాల తెలుగువాళ్లకు కళ్ల ముందుకొచ్చేది శంకర్ గీసిన విక్రమార్కుడే. ఆ ఏర్పాటులో ఒక గొప్ప సంగతి ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. చిత్రకారుడికి నెలజీతం, కూర్చునే చోటు, ఏళ్ల తరబడి నిలకడ. శంకర్ 1950ల మొదట్లో చేరి అరవై ఏళ్లపాటు అక్కడే బొమ్మలు గీయగలిగారంటే ఆ నిలకడే కారణం. 'కొదొమొ నో తొమొ' జపాన్‌కి ఇచ్చినదాన్ని చందమామ మనకు అంతకు తొమ్మిదేళ్ల ముందే ఇచ్చింది. 2013 నాటికి ఆ పత్రిక ఆగిపోయింది. ఆ బొమ్మలు ఇప్పుడు ఎక్కువగా మనకు దొరుకుతున్నది పాత సంచికల స్కాన్ల రూపంలో. నాసిరకం కాగితం మీద నాలుగు రంగుల్లో అచ్చయి, పసుపెక్కి, మళ్లీ స్కానరు కిందికి వెళ్లిన బొమ్మలవి. వడ్డాది పాపయ్య రంగులు అసలు ఎలా ఉండేవో చూడాలనుకునే కుర్రవాడిని పంపడానికి, పిల్లల పుస్తకాల బొమ్మల కోసమే పెట్టిన ఒక మ్యూజియం తెలుగు రాష్ట్రాల్లో లేదు.

జపాన్‌లో హక్కులు పెద్దవి, మన చట్టం చిన్నది అనుకుంటే పొరపాటు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ తీసి చూడండి. పత్రికలో జీతానికి పనిచేసే చిత్రకారుడు ఆ పత్రిక కోసం బొమ్మ వేస్తే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, యజమానికి దక్కేది పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు మాత్రమే. మిగతా అన్ని విషయాల్లో మొదటి హక్కుదారు చిత్రకారుడే. అంటే ఆ బొమ్మను పుస్తకంగానో క్యాలెండరుగానో వేయాలంటే ఆయన్ని అడగాలి. ఎంతమంది చిత్రకారులకు ఈ సంగతి ఎవరైనా చెప్పారు? అదే సెక్షన్‌లో జాగ్రత్తపడాల్సిన మాట కూడా ఉంది. డబ్బిచ్చి ఎవరైనా పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైటు వేయించుకున్నవారిది అవుతుంది. ఫోన్‌లో మాట అనుకుని పని మొదలుపెట్టే మన అలవాటు ఇక్కడ ముంచుతుంది.

హక్కు రాసివ్వాలంటే కాగితం మీద సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనీ అర్థం చేసుకోవాలి. హక్కులన్నీ అమ్మేసుకున్నా ఈ బొమ్మ వేసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. అయినా రచయిత పేరు అట్ట మీద, చిత్రకారుడి పేరు లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో వేసే పుస్తకాలు ఇప్పటికీ వస్తున్నాయి. చదవడం రాని పిల్లవాడికి ఆ పుస్తకం ముప్పావు వంతు బొమ్మే. అతను చదివేది చిత్రకారుణ్ని.

మంచి మార్పులూ ఉన్నాయి. 'మంచి పుస్తకం' సంస్థ, అమెరికాలోని తెలుగు సంఘం తానా కలిసి తెస్తున్న బొమ్మల కథల పుస్తకాల్లో, తూలిక, ప్రథమ్ తెలుగులో వేస్తున్న పుస్తకాల్లో చిత్రకారుడి పేరు రచయిత పేరు పక్కనే కనిపిస్తోంది. మన యువ చిత్రకారులు చాలామంది ఇప్పుడు ట్యాబ్లెట్ మీద వేస్తున్నారు కాబట్టి కాగితమే లేదు కదా, ఇక వెనక్కి అడిగేదేముంది అనిపించవచ్చు. ఉంది. లేయర్లు విడివిడిగా ఉన్న ఓపెన్ ఫైలే ఇప్పటి అసలు బొమ్మ. అది ఇచ్చేస్తే పాప గౌను రంగు మార్చి, వెనకనున్న చెట్టు తీసేసి, ఇంకో పుస్తకంలో వాడుకోవడం నిమిషాల పని. అచ్చుకు సరిపడే ఒకే లేయరు ఫైలు ఇవ్వండి. ఓపెన్ ఫైలు మీ దగ్గరే, రెండుచోట్ల దాచుకోండి.

ప్రచురణకర్తల కష్టం నాకు తెలుసు. తెలుగులో పిల్లల పుస్తకం వెయ్యి కాపీలు అమ్మడమే గగనం, జపాన్ లెక్కలు ఇక్కడ కుదరవు. కానీ వాడుకున్న బొమ్మ తిరిగివ్వడానికి పోస్టు ఖర్చు తప్ప ఏమీ కాదు. రెండో ముద్రణకు ముందు ఒక ఫోను చేయడానికి అదీ కాదు. ఒక్క పేజీ ఒప్పందం చాలు: ఈ బొమ్మలు ఈ పుస్తకానికే, ఇన్నేళ్లకే, అసలు బొమ్మ చిత్రకారుడిదే, పేరు అట్ట మీద. తెలుగు పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు ఇలాంటి నమూనా ఒకటి కలిసి తయారుచేసుకుని అందరూ అదే వాడాలి. చిత్రకారులు కూడా ఒక్కొక్కరుగా కాకుండా కలిసి అడగాలి. సాహిత్య అకాడమీలూ సాంస్కృతిక శాఖలూ మ్యూజియం కడతామని రాకముందే మనం చేసుకోగలిగిన పని ఇది.

ఇంకొక విన్నపం, ఇది పాఠకులకు. కసింకోటలోనో, చెన్నైలోనో, తెనాలిలోనో, అమెరికాలో ఏ అటకలోనో మీ ఇంటి పెద్దవాళ్లు వేసిన, లేదా ఎవరో చిత్రకారుడు అభిమానంతో ఇచ్చిన పిల్లల కథల బొమ్మలు ఉండే ఉంటాయి. వాటిని ఎండ తగిలే గోడకు పెట్టకండి, లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. మంచి స్కాన్ తీయించండి. బొమ్మ వెనక, అంచు దగ్గర, మెత్తని పెన్సిలుతో చిత్రకారుడి పేరు, ఏ కథకు వేశారు, ఏ ఏడాది అన్నది రాసిపెట్టండి.